సొంతవాళ్ళ ముక్క

ఆ ఆసుపత్రిలో రిబ్బనక్క అంటే తెలియనివాళ్ళు లేరు. అసలు పేరేమిటని అడిగితే మాత్రం జీతాలిచ్చే గుమాస్తా కూడా కాసేపు తల గోక్కుంటాడు. కొత్తగా చేరిన నర్సులు ఈవిడెవరో రిబ్బన్లూ పిన్నీసులూ అమ్ముకునే మనిషి కాబోలనుకుని, మా పాపకి రెండు ఎర్రవి కావాలమ్మా అని అడిగిన సందర్భాలున్నాయి. ఆవిడ వాళ్ళని ఎగాదిగా చూసి, "నా దగ్గరున్నవి మీ పాపకి వద్దు తల్లీ, పిల్లని చల్లగా ఉండనీ" అనేది.

ఆవిడ పని గడ్డలు కోయడం. మనుషుల్ని కోసేది పై అంతస్తులో సర్జన్లు. వాళ్ళు తీసిన ముక్క ఫార్మలిన్ సీసాలో మునిగి కిందికి దిగుతుంది. దాన్ని గట్టిపరిచి, అందులోని నీళ్ళు లాగేసి, కరిగిన మైనంలో నానబెట్టి, సబ్బుబిళ్ళంత దిమ్మగా పోస్తారు. ఆ దిమ్మని యంత్రానికి బిగించి చక్రం తిప్పితే కత్తి మీదుగా పొర తర్వాత పొర జారుతుంది. ఒక పొర అంచు ఇంకో పొర అంచుని పట్టుకుని రిబ్బనులా సాగుతుంది. అదీ ఆవిడ రిబ్బను. దాన్ని సన్నని కుంచెతో ఎత్తి గోరువెచ్చని నీళ్ళ తొట్టిలో వదిలితే, ముడతలు విప్పుకుని పాల మీద మీగడలా తేలుతుంది. కిందనుంచి గాజుపలక, అంటే స్లైడు, పెట్టి నెమ్మదిగా పైకెత్తాలి. ఎంత పల్చనంటే, ఊపిరి గట్టిగా వదిలితే చాలు, గల్లంతే. అందుకని రిబ్బనక్క ఊపిరి బిగబట్టి కోసేది. ఆవిడ కత్తి దగ్గరున్నప్పుడు పక్కన ఎవరైనా తుమ్మితే వాడి పని అయిపోయినట్టే. ముక్కు మీద కోపం అంటారే, ఆవిడకి అది ముక్కు మీద కూడా ఆగేది కాదు, నేరుగా నాలుక మీదికి దిగేది.

గది మెట్ల కింద ఉంటుంది. ఒక కిటికీ, ఒక మూల సింకు, మైనం వాసన, పక్కగదిలోంచి వచ్చే పంపుసెట్టు మోత. బల్ల మీద కరెంటు పొయ్యి, దానిమీద మామూలు వంటింట్లో ఉండేలాంటి ప్రెషర్ కుక్కరు. దాన్ని చూసి ఈరోజు కూరేమిటని అడగని మనిషి ఆ గదిలో అడుగుపెట్టలేదు. ఆ హాస్యాన్ని ప్రతిసారీ కొత్తగా విన్నట్టు నవ్వడం పొడుగన్న పని. పొడుగన్న అంటే అదే గదిలో ఎదుటి బల్ల దగ్గర పనిచేసే మనిషి. రిబ్బనక్క కోసిన పొరలకి రంగు వేయడం ఆయన వంతు. ఆయనకి కిటికీ తెరిచి ఉండాలి, ఈవిడకి మూసి ఉండాలి. గాలి వస్తే రిబ్బను ఎగిరిపోతుందని ఈవిడ, గాలి లేకపోతే నేను పోతానని ఆయన. ఆ తగువు తీర్చేవాళ్ళు ఇంకా పుట్టలేదు.

అయినా ఆ ఇద్దరూ నోరెత్తకుండా పాటించే కట్టుబాటు ఒకటుంది. ఎక్కడా రాసిపెట్టింది కాదు, పైవాళ్ళు పెట్టిందీ కాదు. సొంతవాళ్ళ ముక్క వస్తే దాన్ని ముట్టుకోకూడదు. "నాది" అనాలి. ఆ ఒక్క మాటా అని లేచి బయటికి వెళ్ళిపోవాలి. రెండోవాళ్ళు ఎవరిదని అడగరు, ఏమిటని అడగరు, మౌనంగా అందుకుంటారు. పొడుగన్న తండ్రి ముక్క వచ్చినప్పుడు ఆయన "నాది" అని వెళ్ళిపోతే రిబ్బనక్క ఆ దిమ్మ కోసింది. ఆ రోజంతా కిటికీ తెరిచే ఉంచింది కూడా.

ఈ కట్టుబాటు ఎందుకో పుస్తకాలు చదివినవాళ్ళకి అర్థం కాకపోవచ్చు గానీ, పనిచేసే చేతికి తెలుసు. ప్రేమ ఉన్న చెయ్యి మంచిదే, అన్నం కలిపి పెట్టడానికి. కత్తి పట్టడానికి కాదు.

రిబ్బనక్కకి సొంతవాళ్ళంటే ముందు అక్క. తర్వాతే మొగుడైనా, కొడుకైనా. ఆ సంగతి మొగుడికీ తెలుసు, పాపం సర్దుకుపోయాడు. తల్లి పోయేనాటికి చిన్నది ఇంకా నిద్రలో వేలు చీకుతోంది. అక్క అప్పటికే మిషను తొక్కడం నేర్చింది. ఆ మిషనే ఇద్దర్నీ పెంచింది. ఇంటి ముందుగదే దుకాణం. గోడ నిండా మేకులు, మేకులకి వేలాడుతూ కాగితపు నమూనాలు. చొక్కావి, గౌనువి, దిండు గలీబువి. చెల్లెలు చదువులో మొద్దు కాదు, అలాగని అందరూ చెప్పుకునేంత చురుకూ కాదు. కానీ కత్తెర పట్టుకుంటే గీత తప్పేది కాదు. "ఈ చేతికి గుడ్డ చాలదే చిట్టీ, ఇంకా సన్నంది ఏదైనా వెతుకు" అని అక్కే ఆసుపత్రిలో ఈ పని నేర్పే శిక్షణలో చేర్పించింది. మొదట్లో సీసాలు కడిగింది, గాజుపలకలు పగలగొట్టింది, తిట్లు తింది. మొదటిసారి చిరగని రిబ్బను తీసిన రోజు దాన్ని అక్కకి చూపించలేకపోయానని ఏడ్చింది. ఇంటికి తీసుకుపోవడానికి అదేమన్నా గుడ్డపీలికా?

అలాంటి అక్కకి రొమ్ములో గడ్డ. స్నానం చేస్తుంటే చేతికి తగిలిందట. తగిలిన రోజు చెప్పిందా అంటే లేదు. పెళ్ళివారి బట్టలు చేతిలో ఉన్నాయి, అవి ఇచ్చేదాకా నోరు విప్పలేదు. ఆ మాట విని రిబ్బనక్క ఒంటికాలి మీద లేచింది.

"రోజూ గడ్డలు కోసేదాన్ని ఇంట్లో పెట్టుకుని నాకు చెప్పకుండా ఎలా ఉన్నావే?"

"నువ్వు ఇలా అరుస్తావనే," అంది అక్క, సూదిలో దారం ఎక్కిస్తూ.

ఆపరేషను బాగానే జరిగింది. గడ్డ చిన్నదే. చంక కింది గ్రంథుల్లోకి ఏమీ పాకలేదని కూడా తేలింది. ఇక మిగిలింది రంగు పరీక్ష. సర్జను ఇద్దర్నీ కూర్చోబెట్టి ఉన్నదున్నట్టు చెప్పాడు. గడ్డ కణాలు గోధుమరంగు చూపిస్తే రోజుకో మాత్ర వేసుకుంటూ ఏళ్ళ తరబడి బతికేయొచ్చు. రంగు రాకుండా నీలంగానే ఉండిపోతే ఆ మాత్ర పనిచేయదు. గట్టి మందులు ఎక్కించాలి. తర్వాత కూడా, ముఖ్యంగా మొదటి కొన్నేళ్ళు, ఎప్పుడు ఎక్కడ తిరగబెడుతుందోనని గుండెలు గుప్పిట్లో పెట్టుకుని ఉండాలి. అక్క అన్నీ విని, "అయితే చిట్టీ, నా రంగు నీ చేతిలోనే ఉందన్నమాట" అని నవ్వింది. చెల్లెలికి నవ్వు రాలేదు.

ఆ దిమ్మ బల్ల మీదికి వచ్చినరోజు పొడుగన్న లేడు. పన్ను పీకించుకోవడానికి వెళ్ళాడు. దిమ్మల మీద పేర్లుండవు, అంకెలే ఉంటాయి. అక్క అంకె రిబ్బనక్కకి కంఠతా వచ్చు. ఆ ఒక్క మాట అని, దిమ్మని పక్కనపెట్టి పొడుగన్న వచ్చేదాకా ఆగితే సరిపోయేది. నోరు పెగల్లేదు. నాది అంటే నిజంగానే నాదైపోతుందేమోనని భయం. ఇంకో చేతిలో పెడితే ఏ అంచు చిరుగుతుందోనని ఇంకో భయం. బుద్ధెరిగిన నాటినుంచీ తనని పెంచిన ఒంట్లోని ముక్క అది. మైనం గట్టిపడేలా దిమ్మని చల్లటి నీళ్ళలో వేసి, తీసి యంత్రానికి బిగించింది.

కోత అద్భుతంగా వచ్చింది. రిబ్బను తొట్టిలో తేలి ఒక్క ముడత లేకుండా విచ్చుకుంది. చిక్కు తర్వాత వచ్చింది.

ఫార్మలిన్ ముక్కని చెడకుండా కాపాడుతుంది గానీ, ఆ కాపాడటంలో లోపలున్న సరుకునంతా ఎక్కడిదక్కడ బిగించేస్తుంది. మళ్ళీ ఉడికిస్తే తప్ప ఆ బిగింపు వదలదు. అందుకే ఆ కుక్కరు. గాజుపలకల్ని మందునీళ్ళలో పెట్టి మరిగిస్తే బిగుసుకున్నవి విచ్చుకుంటాయి. అప్పుడు పరీక్ష మందు లోపలికి వెళ్ళి తనకి కావలసినదాన్ని పట్టుకోగలదు. పట్టుకున్న చోటల్లా గోధుమరంగు తేలుతుంది. కానీ రొమ్ము ముక్కలో కొవ్వెక్కువ. మరిగేటప్పుడు ఒక్కోసారి పొర గాజు మీంచి లేచిపోయి ముద్దైపోతుంది. ఎన్నో ముక్కలు అలా లేచిపోవడం రిబ్బనక్క చూసింది. ఇంకో పొర కోసుకుంటే పోయేదానికి ఎప్పుడూ బెంగపడలేదు. ఆ రోజు మాత్రం కుక్కరు బుసకొడుతుంటే అక్కని లోపల పెట్టి మూత వేసినట్టనిపించింది. పొర లేచిపోతోందేమో, మాడిపోతోందేమో. ఉండాల్సినంతసేపు ఉంచలేకపోయింది. ముందే పొయ్యి కట్టేసి, కుక్కరు తీసుకెళ్ళి చన్నీళ్ళ కింద పెట్టేసింది.

పొర చెక్కుచెదరలేదు. మందులు వరసగా పోసింది, చివర కణాలన్నీ కనబడేందుకు నీలం పోసింది, ఆరబెట్టింది. మూలనున్న చిన్న మైక్రోస్కోపు కింద పెట్టి చూసింది.

నీలం. ఎటు జరిపినా నీలమే. గడ్డ ఉన్న చోట గుంపులు గుంపులుగా కణాలు, ప్రతిదాని నడుమా నీలపు చుక్క. గోధుమరంగు మచ్చుకైనా లేదు. చూడాల్సింది ఇంకా ఉంది, ఆ పని తెలిసిన మనిషికి ఎక్కడ చూడాలో కూడా తెలుసు. కానీ కళ్ళు గడ్డ దగ్గరే ఆగిపోయాయి. పలకని, స్లైడులు చూసి ఫలితం రాసే పెద్ద డాక్టరమ్మ బల్ల మీద మిగతావాటితో పాటు పెట్టేసి, చేతులు కడుక్కుని, ఇంటికి నడిచింది. దారిలో ఎవరు పలకరించారో, తనేం జవాబిచ్చిందో గుర్తులేదు.

అక్క గుమ్మంలోనే అడిగింది. "ఏమొచ్చింది?"

"ఇంకా చూడలేదక్కా. డాక్టరమ్మ చూడాలి."

అబద్ధం కాదు, నిజమూ కాదు. అక్క చెల్లెలి మొహంలోకి ఒకసారి చూసి లోపలికి నడిచింది. చెల్లెలు నీళ్ళు నమిలితే ఆవిడకి తెలియదా? పెంచిన మనిషి.

మర్నాడు పెద్ద డాక్టరమ్మ గదిలోంచి కబురొచ్చింది. ఆవిడ జుట్టు తెల్లబడ్డ మనిషి. స్లైడు చూస్తున్నంతసేపూ దానితో మాట్లాడుతుంది. ఏమ్మా, నువ్వెక్కణ్ణించి వచ్చావు, నీ మొహం ఇలా ఉందేంటి అంటూ. కొత్తవాళ్ళు తమనే అంటోందనుకుని ఉలిక్కిపడతారు. రిబ్బనక్క వెళ్ళేసరికి ఆవిడ మైక్రోస్కోపులోంచి తల ఎత్తకుండానే, "ఇది ఎవరు చేశారు?" అంది.

"నేనే మేడమ్. పొడుగన్న సెలవు."

"ఇలా రా. అటువైపు కూర్చో."

అది ఇద్దరు ఎదురుబొదురుగా కూర్చుని ఒకే స్లైడు చూసే మైక్రోస్కోపు. రిబ్బనక్క కళ్ళు ఆనించింది. మళ్ళీ అదే నీలం. డాక్టరమ్మ స్లైడుని మెల్లగా జరిపింది. గడ్డ దాటింది. కొవ్వు దాటింది. ఒక అంచున గుండ్రంగా అమరిన కణాల గొట్టాలు కనిపించాయి.

"ఇవేంటి?"

"మామూలు పాలగొట్టాలు మేడమ్."

"వీటికి ఏ జబ్బూ లేదు. మంచివి. వీటిలో కొన్నైనా గోధుమరంగు చూపించాలా వద్దా?"

చూపించాలి. జబ్బు లేని గొట్టాలు అదే పొరలో పక్కనే ఉన్న సాక్షులు. సాక్షి కూడా నోరు విప్పలేదంటే తప్పు గడ్డది కాదు, అడిగిన తీరుది. ఈ సంగతి రిబ్బనక్కకి తెలియక కాదు. ఎన్నిసార్లు పొడుగన్న మీద ఇదే మాట విసిరి తిరగ్గొట్టిందో.

"ఉడకలేదిది," అంది డాక్టరమ్మ. "నీ చేతిమీదుగా ఇలాంటిది ఎప్పుడూ రాలేదే. ఏమైంది నిన్న?"

అప్పుడు బయటికొచ్చింది ఆ మాట. "నాది మేడమ్."

డాక్టరమ్మకి ఆ గది కట్టుబాటు తెలుసు. ఎవరిదని అడగలేదు. "అక్కా?" అని మాత్రం అంది. రిబ్బనక్క తల ఊపింది. ఏడుపు వచ్చేస్తుందనుకుంది, రాలేదు.

పొడుగన్నని పిలిపించారు. దవడ వాచి, ఒక బుగ్గ లడ్డూ కుక్కినట్టుంది. సంగతి విని ఆయన నోరు సగమే తెరుచుకుంటున్నా తిట్లు మాత్రం పూర్తిగా తిట్టాడు. "బుద్ధుందా నీకు? ఒక్కరోజు ఆగలేవా? పన్నే కదా పోయింది నాది, ప్రాణమా? నిన్న దాకా నాకు నీతులు చెప్పి..." అంటూ అంటూనే దిమ్మ అందుకున్నాడు. గుమ్మం దగ్గర ఆగి, తిరిగి చూడకుండా, "నువ్వు ఇక్కడే కూర్చో. గదిలోకి వచ్చావంటే కాళ్ళు విరగ్గొడతా" అన్నాడు. ఆ మాటలో ఎంత ఆప్యాయత ఉందో రిబ్బనక్కకి కొలవడానికి వేరే యంత్రం అక్కర్లేదు.

రంగు రావడానికి చాలాసేపు పడుతుంది. డాక్టరమ్మ ఆవిణ్ణి పొమ్మనలేదు. ఇంకెవరిదో స్లైడు ఒకటి తీసి మైక్రోస్కోపు కింద పెట్టింది. "నువ్వు రోజూ కోస్తావు, ఆయన రోజూ రంగేస్తాడు. ఆ గోధుమరంగు చుక్క అసలేంటో ఎప్పుడైనా అడిగావా?"

"గోధుమరంగొస్తే మంచిదని తెలుసు మేడమ్."

"చూడు మరి."

చూసింది. ఈ గడ్డలో ప్రతి కణం నడుమా ముదురు గోధుమరంగు. అంచులో కాదు, పొట్టలో కాదు, సరిగ్గా నడిమధ్య గుండ్రంగా.

"అక్కడే ఎందుకుంది? ఎందుకంటే దాని పని అక్కడే. ఒంట్లో ఏ కణం తీసుకున్నా, కంటిదైనా కాలిదైనా, మనిషిని కట్టడానికి కావలసిన మొత్తం సమాచారం దాని నడుమ ఉంటుంది. అంతా అన్నిటిలోనూ ఉంటే కన్ను కన్నులా, కాలు కాలులా ఎలా అయ్యాయి? ఏది ఇప్పుడు చదవాలో, ఏది మూసి ఉంచాలో చెప్పేవి ఉంటాయి. ట్రాన్స్‌క్రిప్షన్ ఫ్యాక్టర్లంటాం. నువ్వు చూస్తున్న గోధుమరంగు వాటిలో ఒకటి."

రిబ్బనక్కకి అక్క దుకాణం గోడ కళ్ళముందుకొచ్చింది. అన్ని నమూనాలూ అక్కడే వేలాడుతుంటాయి, ఎప్పుడూ. గోడని చూస్తే ఏం కుడుతున్నారో తెలియదు. అక్క వెళ్ళి మేకు మీంచి ఏది తీస్తే అది తయారవుతుంది. అయితే ఈ గోధుమరంగు చుక్క నమూనా కాదు. నమూనా తీసే చెయ్యి. ఇన్నేళ్ళుగా తను చేతుల్నే చూస్తోందా?

"ఆడపిల్ల ఎదిగే వయసులో ఈస్ట్రోజెన్ అనే హార్మోను వచ్చి దీన్ని తట్టి లేపుతుంది," అని డాక్టరమ్మ చెప్పుకుపోతోంది, స్లైడుతో మాట్లాడే గొంతుతోనే. "లేచి, కావలసిన చోట్ల కూర్చుని, పెరగండి, గొట్టాలు కట్టండి అని ఆజ్ఞలిస్తుంది. పిల్ల కడుపులో పడితే మళ్ళీ ఇస్తుంది. బంగారం లాంటి పనిమనిషి. గడ్డలో ఉన్నదీ ఇదే. కొత్త రాక్షసి ఎవరూ రాలేదు. ఎక్కడో కణంలో లెక్క తప్పింది, ఇది మాత్రం పాత అలవాటు కొద్దీ పెరగండి పెరగండి అంటూనే ఉంది. గడ్డ పెరిగేది దీని ఆజ్ఞ మీదే."

"మరి ఇదుంటే మంచిదంటారేంటి మేడమ్?"

"ఆజ్ఞ మీద పెరిగేదైతే ఆజ్ఞ ఆపితే ఆగుతుంది కదా. హార్మోను వచ్చి కూర్చునే కుర్చీలో మాత్ర ముందే వెళ్ళి కూర్చుంటుంది. లేపేవాళ్ళు లేరు, ఆజ్ఞ లేదు. అదే ఈ చుక్క లేని గడ్డ అనుకో, అది దేని మాట మీద పెరుగుతోందో చాలాసార్లు మాకూ తెలియదు. దాన్ని ఆపడానికి పట్టు దొరకదు."

పంపుసెట్టు మోత ఇక్కడిదాకా వినిపిస్తోంది. రిబ్బనక్క కళ్ళు తీయకుండానే అడిగింది, చాలాకాలంగా అడగాలని ఉండి అడగని ప్రశ్న. "మేడమ్, రొమ్ములో పుట్టింది ఎముకలోకీ కాలేయంలోకీ ఎలా నడిచిపోతుంది? దానికి కాళ్ళేమన్నా ఉన్నాయా?"

డాక్టరమ్మ తల ఎత్తింది. ఆవిడ కళ్ళల్లో చిన్నపిల్లలో ఉండేలాంటి వెలుగు కనిపించింది. "నీ మొహం ఎలా తయారైందో తెలుసా? నువ్వు అమ్మ కడుపులో వడ్లగింజంత ఉన్నప్పుడు, నీ వీపు వైపు వరసగా పేర్చిన కణాల్లో కొన్నిటికి ఒక ఆజ్ఞ వచ్చింది. పక్కవాళ్ళ చెయ్యి వదలండి, నడవండి అని. అవి చెయ్యి వదిలి, విడివిడిగా నడుచుకుంటూ ముందుకొచ్చి నీ దవడ కట్టాయి, బుగ్గల ఎముక కట్టాయి. అలా నడవమని చెప్పినవీ ఈ జాతివే. ట్రాన్స్‌క్రిప్షన్ ఫ్యాక్టర్లే. పనైపోయాక పడుకున్నాయి. దెబ్బ తగిలి చర్మం మానేటప్పుడు కొంచెం కదులుతాయి, మళ్ళీ పడుకుంటాయి. కొన్ని గడ్డల్లో అవి మేలుకుంటాయమ్మా. చెయ్యి వదలండి, నడవండి అంటాయి. గడ్డ కణాలు చెయ్యి వదిలి బయల్దేరతాయి."

రిబ్బనక్క అప్రయత్నంగా తన దవడ తడుముకుంది. మొహం కట్టిన ఆజ్ఞే మనిషిని తీసుకుపోతుందా! భయం వేసింది. భయం కన్నా పెద్దదేదో కూడా వేసింది, దానికి ఆవిడ దగ్గర మాట లేదు. దండం పెట్టాలో తిట్టాలో తెలియని స్థితి అది.

"గోధుమరంగున్న గడ్డల్లో ఆ నడిపించేవి చాలామటుకు నిద్రలోనే ఉంటాయి," అంది డాక్టరమ్మ, ఆవిడ మొహం చూసి. "ఇది వాటిని లేవనీయదు. ఎప్పుడూ అని చెప్పను, చాలాసార్లు. అందుకే ఈ రంగు చూసి మేము ముందు ముందు ఎలా ఉంటుందో కొంత చెప్పగలుగుతాం. కొంతే."

పొడుగన్న వచ్చాడు. పలక ఇంకా తడిగానే ఉంది. బల్ల మీద పెట్టి గోడకి ఆనుకుని నిలబడ్డాడు, వాచిన బుగ్గ పట్టుకుని. ఆయన ముందే చూసి ఉంటాడు. రిబ్బనక్క ఆయన మొహం వైపు చూడలేకపోయింది.

డాక్టరమ్మ స్లైడు బిగించింది. అటువైపు రిబ్బనక్క కళ్ళు మూసుకునే ఆనించింది.

"ముందు సాక్షుల్ని అడుగుదాం," అంది డాక్టరమ్మ. "ఆ, గొట్టాల్లో వచ్చింది. కళ్ళు తెరువమ్మా."

తెరిచింది. పాలగొట్టాల్లో అక్కడొకటి ఇక్కడొకటి గోధుమరంగు చుక్కలు. ఉన్నాయి. ఇక పరీక్ష మాట నమ్మొచ్చు. నమ్మాలి కూడా, ఏది చెప్పినా. స్లైడు జరిగింది. కొవ్వు, మళ్ళీ కొవ్వు, ఖాళీ. ఆ ఖాళీ దాటడానికి పట్టిన కాలంలో అక్క చేతిలో తిన్న ముద్దలన్నీ రిబ్బనక్కకి గుర్తొచ్చాయి. తర్వాత గడ్డ అంచు వచ్చింది.

గోధుమరంగు. అంచునుంచి లోపలికి, లోపలినుంచి అవతలి అంచుదాకా, ఒకటి కాదు రెండు కాదు, కణం కణానికీ నడుమ ముదురుగా, నిండుగా. నిన్న నీలంగా చచ్చిపడి ఉన్న చోటే. ఎంత బాగుందో! బాగుందనుకున్నందుకు వెంటనే సిగ్గుపడింది. అక్కని తినడానికి వచ్చిన దాన్ని చూసి బాగుందనుకోవచ్చా? అయినా బాగుంది, ఏం చేయమంటారు. అదే చెయ్యి అక్కని ఆడదాన్ని చేసింది, అదే చెయ్యి గడ్డని పెంచింది, ఇప్పుడు అదే చెయ్యి పట్టుకుని అక్కని వెనక్కి లాగొచ్చు. ఇంత గొడవ ఒక చుక్కలో జరుగుతోంది. అప్పుడు వచ్చింది ఏడుపు, ఆగకుండా. మైక్రోస్కోపు కళ్ళద్దాలన్నీ తడిసిపోయాయి. పొడుగన్న తన చేతిరుమాలు ఇచ్చాడు. అది మందుల కంపు కొడుతోంది, ఇంకెప్పుడైనా అయితే ఆ కంపు గురించి గంటసేపు తిట్టేది.

సాయంత్రం దుకాణం కట్టేసే వేళకి ఇల్లు చేరింది. అక్క ఆపరేషనైన వైపు చెయ్యి ఒళ్ళో ఆనించి గుడ్డ పట్టుకుని, రెండో చేత్తో కాజాలు కుడుతోంది. చెల్లెలు ఈసారి నీళ్ళు నమలలేదు. తను చేసిన తప్పుతో సహా మొదటినుంచీ చెప్పింది. కుక్కరు సంగతి విని అక్క పడీపడీ నవ్వి, కుట్లు లాగడంతో అబ్బా అని పక్క పట్టుకుంది. గోడ మీది నమూనాలు చూపించి, డాక్టరమ్మ చెప్పినదంతా చెల్లెలు తనకి తెలిసినట్టు చెప్పింది. అక్క సూది పక్కన పెట్టి విన్నది. మధ్యలో ఒకసారి అడిగింది.

"అయితే నాకు పాలగొట్టాలు కట్టింది అదేనంటావా?"

"అదే అక్కా."

"నువ్వు పురుడు పోసుకుని జ్వరంతో పడుంటే నీ కొడుక్కీ నా కూతురికీ కలిపి ఇచ్చాను చూడు, ఆ పాల వెనకాలున్నదీ అదేనా?"

రిబ్బనక్క తల ఊపింది. ఆ సంగతి తనకి తట్టనే లేదు. అక్క గోడ వైపు తిరిగింది.

"ఇంకా మాట వింటుందన్నమాట," అంది. "ఈ ఇంట్లో నా మాట వినేది అదొక్కటే ఉన్నట్టుంది."

అదే దిమ్మ మీద చేసే మిగతా రెండు రంగు పరీక్షలూ వచ్చాక, సర్జను చెప్పినట్టే మాత్ర రాశారు. తిరగబెట్టదని ఎవరూ ప్రమాణం చేయలేదు. బాగుంటుందనే ఆశ ఎక్కువని మాత్రం చెప్పారు. మొదటి మాత్ర వేసుకునేటప్పుడు చెల్లెలు దగ్గరుండాలని అక్క పట్టుబట్టింది. మంచినీళ్ళ గ్లాసు మిషను మీద పెట్టుకుంది. తెల్లటి చిన్న మాత్రని అరచేతిలో వేసుకుని అటూ ఇటూ తిప్పి చూసింది. తర్వాత తల వంచి తన గుండెల వైపు చూస్తూ, పని ముగించిన కూలిమనిషిని పంపించేటప్పుడు మాట్లాడే గొంతుతో అంది.

"ఇన్నాళ్ళూ చెప్పిందల్లా చేశావు. ఇద్దరు పిల్లలకి కడుపు నింపావు. నీ మీద నాకేం కోపం లేదు. ఇక చాలమ్మా, కూర్చో."

మాత్ర మింగి, గ్లాసు ఖాళీ చేసి, చెల్లెలి చేతికిచ్చింది.